చేతికందినది, మనసుకు తోచినది



ఎంతోమందికి చదువు చెప్పిన మా మాస్టారి పేరున నిధి ఏర్పాటు చేసినవారు, ఈ సభలో భాషకు సంబంధించి నాకిష్టమైన ఏ విషయం మీదైనా మాట్లాడమన్నారు. ఒక్క మాట మీదే మాట్లాడతానని చెప్పాను. ఆ మాట పర్సెప్షన్. మాస్టారి పేరున జరిగే సభలో ఇంగ్లీషు మాట గురించి ఇంతసేపు ఎందుకంటే, ఆ మాటను ఒకప్పుడు నేను వదిలేశాను. వదిలేసినట్టు చూసి చెప్పింది ఆయనే.

అప్పుడు నేనొక దినపత్రిక డెస్కులో కొత్తగా చేరాను. రాత్రి డ్యూటీ. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వారి కరప్షన్ పర్సెప్షన్స్ ఇండెక్స్ మీద ఏజెన్సీ వార్త వచ్చింది. పేజీ వెళ్లిపోయే వేళ. ‘అవినీతి సూచీ’ అని రాసేసి, దేశంలో అవినీతి పెరిగిందని హెడ్డింగు పెట్టాను. నాలుగో రోజున మాస్టారి దగ్గరనుంచి కార్డు ముక్క వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక ప్రశ్న: ‘అమ్మాయ్, పెరిగింది అవినీతా, అవినీతి ఉందన్న అభిప్రాయమా? నడుమనున్న మాట ఏమైంది?’

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బెర్లిన్‌లో 1993లో పుట్టిన ఆ సంస్థ 1995 నుంచి ఆ సూచీని వెలువరిస్తోంది. ప్రభుత్వ వ్యవస్థల్లో అవినీతి ఎంత ఉందని నిపుణులూ, వ్యాపారులూ అనుకుంటున్నారో రకరకాల సర్వేల నుంచి సేకరించి, లెక్కకట్టి మార్కులు వేస్తుంది. 2012 నుంచి ఆ మార్కులు సున్నా నుంచి నూరు వరకు. ఎక్కడ ఎవరి చేతిలో ఎంత లంచం పడిందో అది లెక్కపెట్టదు. లంచం రహస్యంగా సాగే పని గనుక నేరుగా లెక్కపెట్టలేమని తెలిసే ఆ దారి ఎంచుకున్నారు. మామూలు జనాన్ని మీరు లంచం ఇచ్చారా అని అడిగే సర్వే ఆ సంస్థకే మరొకటి, వేరే పేరుతో ఉంది. అంటే వాళ్లు తమ సూచీ పేరులోనే దాని హద్దు చెప్పుకున్నారు. ఆ హద్దుగీతను చెరిపేసింది నేను. మన పత్రికలు చాలావరకు ఇప్పటికీ చెరిపేస్తూనే ఉన్నాయి. మా వృత్తిలో ఇది చిన్న తప్పని నేననుకోను. లక్షలమంది పొద్దున్నే చదివే కాగితం మీద, కొందరికి తోచిన సంగతి ఉన్న సంగతిగా మారిపోతోంది.

ఆ కార్డు తర్వాతే నేను ఆ మాట వెంట పడ్డాను. అది నన్ను మొదట పొలానికి తీసుకెళ్లింది.

లాటిన్‌లో ‘కాపెరె’ అంటే పట్టుకోవడం, తీసుకోవడం. దాని ముందు ‘పూర్తిగా’ అనే అర్థమిచ్చే ‘పెర్’ చేరితే ‘పెర్కిపెరె’. పూర్తిగా చేతికి తీసుకోవడం. రోమన్ న్యాయశాస్త్రంలో ‘పెర్సెప్షియో’ అంటే ఫలాన్ని కోసి సొంతం చేసుకోవడం. ఇతరుల తోటను అనుభవించే హక్కు మాత్రమే ఉన్నవాడికి చెట్టున వేలాడే కాయ మీద యాజమాన్యం లేదు. కోసి చేతికి తీసుకున్నప్పుడే అది అతనిదవుతుంది. ‘పంట చేతికొచ్చింది’ అని మన రైతు అంటాడే, సరిగ్గా అదీ ఆ మాటకున్న పాత అర్థం. పూర్వపు ఇంగ్లీషు చట్టపు రాతల్లో శిస్తులు, అద్దెలు వసూలు చేసుకోవడాన్ని కూడా పర్సెప్షన్ అనేవారు. ఫ్రాన్సులో ఆ వాసన ఇంకా పోలేదు. అక్కడ ‘పెర్సెప్తర్’ అంటే పన్ను వసూలు చేసే అధికారి. జ్ఞానంతో సంబంధం ఉన్నవాడు కాదు.

చేతి నుంచి బుద్ధికి ఈ ప్రయాణం మనకు కొత్తేమీ కాదు. సంస్కృతంలో ‘గ్రహ్’ ధాతువుకు అర్థం పట్టుకోవడమే. పెళ్లిలో పాణిగ్రహణం చేసేది చెయ్యి. ఆకాశంలో సూర్యుణ్ణి పట్టేది గ్రహణం. సంగతి గ్రహించేది మనసు. లాటిన్ ధాతువు నుంచి ఇంగ్లీషుకు క్యాప్చర్, అక్సెప్ట్, కాన్సెప్ట్, డిసీవ్ అన్నీ వచ్చినట్టే మనకు సంగ్రహం, అనుగ్రహం, ఆగ్రహం, విగ్రహం వచ్చాయి. అచ్చ తెలుగులోనూ అంతే. వాసన పట్టడం, ఆనవాలు పట్టడం, పసిగట్టడం. తెలుసుకోవడమంటే పట్టుకోవడమేనని ఇన్ని భాషలు విడివిడిగా అనుకున్నాయి.

పట్టుకున్నదాంట్లో అబద్ధానికి చోటు లేదు. ఇంగ్లీషులోనూ మొదట అంతే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, ఏసు ఎదుటివారి మనసులోని ఆలోచనను కనిపెట్టిన సందర్భాల్లో వాడింది ఈ క్రియే. ఆయన గ్రహించాడంటే ఆ ఆలోచన అక్కడ ఉన్నట్టే లెక్క. ఇప్పటికీ ఒక మనిషిని ‘పర్సెప్టివ్’ అంటే అది మెచ్చుకోలు. ఇతరులకు అందనిది ఆమెకు అందుతుందని దాని భావం. ‘పర్సెప్టిబుల్’ మార్పు అంటే నిజంగా జరిగిన, మనకు తెలిసేంత మార్పు. ఈ ఇంట్లో అందరూ నమ్మదగినవాళ్లే.

అదే ఇంట్లో ‘పర్సీవ్డ్’ అనే విశేషణం మాత్రం వేరే దారి పట్టింది. ‘పర్సీవ్డ్ ఇన్సల్ట్’ అని ఎవరైనా రాశారంటే, అవమానం జరిగిందో లేదో నేను చెప్పను, ఆయన మాత్రం జరిగిందనుకున్నాడు అని అర్థం. రాసేవాడు సంగతి చెబుతూనే, పూచీకత్తు కాగితం మీద సంతకం చేయకుండా పక్కకు తప్పుకున్నాడు. ‘దేరీజ్ ఎ పర్సెప్షన్’ అని మొదలయ్యే వాక్యాలన్నీ ఈ కోవలోవే. అందులో అనుకునేది ఎవరో కూడా ఉండదు. ఎక్కడో, ఎవరికో ఒక అభిప్రాయం ఉంది. అంతే. మన టీవీ చర్చల్లోకి ఈ మాట వచ్చింది ఈ ఒక్క అర్థంతోనే. ‘జనంలో పర్సెప్షన్ బాగాలేదండీ’ అంటారు. కోసిన కాయ అన్న అర్థం, సూక్ష్మబుద్ధి అన్న అర్థం సరిహద్దు అవతలే ఆగిపోయాయి.

ఒకే మాటకు ఒక చెంప ‘నిజాన్ని పట్టుకున్నది’, ఇంకో చెంప ‘నిజమో కాదో, తోచింది’. ఇంగ్లీషు పాఠకుడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. తెలుగు చేసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఎందుకంటే మన భాష ఈ రెంటినీ వేర్వేరు క్రియలకు ఎప్పుడో పంచేసింది. నాకు ఇది తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది కనుక కాస్త ఆగి చెబుతాను.

కను, విను, అను. ఈ మూడింటికీ ‘ఇంచు’ చేరితే కనిపించు, వినిపించు, అనిపించు. ‘కొండ కనిపించింది’ అన్న వాక్యంలో కర్త కొండ. చూసిన మనిషి ‘నాకు’ అని ఒక పక్కన నిలబడతాడు. పని చేసింది కొండ, నేను పుచ్చుకున్నాను. ‘అనిపించింది’ ఇంకా చిత్రమైనది. ఏదో ఒకటి నా లోపల నాచేత ఒక మాట అనిపించింది. తోచింది, అగపడింది, వినబడింది కూడా ఈ వరసే. ‘నేను పర్సీవ్ చేశాను’ అనే ఇంగ్లీషు వాక్యంలో మనిషి చెయ్యి చాచి అందుకుంటాడు. మనవాడు అరుగు మీద కూర్చుని ఉంటాడు, లోకం అతని దగ్గరికి వస్తుంది. షేక్‌స్పియర్ కాలం దాకా ఇంగ్లీషుకూ ఇలాంటి మాట ఒకటి ఉండేది, ‘మిథింక్స్’ అని. ‘నేను అనుకుంటున్నాను’ అని కాదు, ‘నాకు తోస్తోంది’ అని దాని అసలు అర్థం. వాళ్లు అది పోగొట్టుకున్నారు. మనం పోగొట్టుకోలేదు.

ఇప్పుడు రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘ప్రమాదం ఉందనిపించింది, కానీ లేదు.’ ఇందులో తప్పేమీ లేదు. ‘ప్రమాదాన్ని పసిగట్టాడు, కానీ ప్రమాదం లేదు.’ ఇది తెలుగు కాదు. చదవడం రాని మనిషి కూడా ఇలా అనదు. పసిగట్టు, కనిపెట్టు, గ్రహించు, గుర్తించు: చేతి జాతి క్రియలన్నీ సంగతి నిజమని పూచీ పడతాయి. అనిపించు, తోచు పూచీ పడవు. కనిపించు మధ్యలో ఊగుతుంది. అందుకే పర్సెప్షన్‌కు తెలుగు మాట ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. చూసిందెవరు? రాస్తున్న మనిషి దానికి పూచీ పడుతున్నాడా?

డీఎస్సీకి, బీఎడ్‌కు చదివినవాళ్లు ఈపాటికి ఒక మాట అనుకుని ఉంటారు. మన మనస్తత్వశాస్త్ర పుస్తకాల్లో సెన్సేషన్ ‘సంవేదన’, పర్సెప్షన్ ‘ప్రత్యక్షం’. సంవేదనకు అర్థం తోడైతే ప్రత్యక్షం అని పరీక్షకు బట్టీ పట్టిస్తారు. ఈ విభజన 18వ శతాబ్దపు స్కాట్లాండ్ తత్త్వవేత్త థామస్ రీడ్ పట్టుబట్టి చేసినది. ముల్లు గుచ్చుకుంటే కలిగే నొప్పి సంవేదన, అక్కడ ముల్లుందని తెలియడం పర్సెప్షన్. మంచి విభజనే. పేచీ మనం ఎంచుకున్న మాటతో.

ప్రత్యక్షం మన దేశంలో ఖాళీగా పడున్న మాట కాదు. అది ప్రమాణాల్లో మొదటిది. న్యాయసూత్రాలు దానికి లక్షణం చెబుతూ, ఇంద్రియానికీ వస్తువుకూ సంపర్కం వల్ల పుట్టిన జ్ఞానం కావాలన్నాయి, అక్కడితో ఆగకుండా అది తప్పిపోయేది కాకూడదని కూడా షరతు పెట్టాయి. ఎండమావిలో నీరు కనబడటాన్ని ఆ లెక్కన ప్రత్యక్ష ప్రమాణమని ఒప్పుకోరు. తాడును చూసి పాము అనుకోవడం, ముత్యపు చిప్పను చూసి వెండి అనుకోవడం ఎలా జరుగుతాయని వందల ఏళ్లు వాదించుకున్నారంటే, చూపుకూ తప్పుకూ మధ్య గోడ ఎక్కడ కట్టాలన్నదే అక్కడ అసలు తగువు. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతోనే దేశమంతటా తర్కం చదివే పిల్లలు అక్షరాభ్యాసం చేస్తారు. వాళ్లనడిగితే, ‘తప్పుడు ప్రత్యక్షం’ అనడం ‘చేదు తీపి’ అన్నట్టు ఉందంటారు.

ఇంగ్లీషులో ‘మిస్‌పర్సెప్షన్’ రోజూ వాడే మాట. కరప్షన్ పర్సెప్షన్స్ ఇండెక్స్‌ను పాఠ్యపుస్తకపు మాటతో ‘అవినీతి ప్రత్యక్ష సూచీ’ అంటే ఏమవుతుందో చూడండి. అవినీతి కళ్లెదుటే కనబడిందని పూచీ ఇచ్చినట్టు! అసలు పేరుకు తలకిందులు. ‘అపోహ’ అందామా అంటే అది అటు కొసకు పోతుంది. అపోహ అన్నాక అవినీతి లేనే లేదని తీర్పు చెప్పినట్టే. ఇంగ్లీషు మాట నిలబడ్డ చోట, నిజమనీ అనకుండా అబద్ధమనీ అనకుండా నిలబడే నామవాచకం మనకు సులభంగా దొరకదు. క్రియ దొరుకుతుంది. ‘అవినీతి పెరిగిందంటున్న నిపుణులు’ అని ఆ రాత్రి నేను హెడ్డింగు పెట్టి ఉంటే సరిపోయేది. అక్షరాలు కూడా పట్టేవి.

అపోహ అన్నాను గనుక ఒక ముక్క. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడికి అది పారిభాషిక పదం. ‘ఆవు’ అన్న మాట ఆవు కానివాటినన్నిటినీ తోసేయడం ద్వారా అర్థమిస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ తోసివేతకే అపోహ అని పేరు. అది తెలుగులోకి వచ్చేసరికి పొరపాటు అభిప్రాయమైంది. ఆ దిఙ్నాగుడే ప్రత్యక్షం గురించి ఇంకో మాట అన్నాడు. మనసు పేరు తగిలించక ముందు, ఏ కల్పనా కలవక ముందు ఉండేదే ప్రత్యక్షమని. ‘ఇది ఆవు’ అన్నామంటే అప్పటికే ప్రత్యక్షం దాటిపోయింది. ఇంగ్లీషు అనువాదకులు దాన్నీ పర్సెప్షన్ అన్నారు. బౌద్ధం చెప్పే ఐదు స్కంధాల్లో ‘సంజ్ఞ’ ఉంది. అది గుర్తుపట్టి పేరు పెట్టే పని. చాలామంది దాన్నీ పర్సెప్షన్ అనే అనువదించారు. పేరు తగలనిదీ పర్సెప్షనే, పేరు తగిలించేదీ పర్సెప్షనే. బౌద్ధాన్ని ఇంగ్లీషులో చదివే మన పిల్లలు ఎక్కడ తికమక పడుతున్నారో మీకు అర్థమై ఉంటుంది. వాళ్ల తెలివిలో లోపం లేదు. రెండు వేర్వేరు గింజలను ఒకే గాదెలో పోశారు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పిన బిమల్ కృష్ణ మతిలాల్ 1986లో భారతీయ జ్ఞానసిద్ధాంతాల మీద రాసిన పెద్ద గ్రంథానికి పర్సెప్షన్ అనే పేరే పెట్టి, ఈ గింజలను ఏరి వేరుచేసే పని మీద పెట్టుకున్నారు.

పూచీ పడే మాటకూ పడని మాటకూ ఉన్న ఈ తేడా న్యాయస్థానంలో మనిషి మెడకు చుట్టుకోగలదు. 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ‘ఫ్యాక్ట్’ అంటే ఇంద్రియాలతో పర్సీవ్ చేయగలిగినదని నిర్వచించాడు. మనిషికి స్పృహలో ఉన్న తన మానసిక స్థితినీ అందులో కలిపాడు. 60వ సెక్షన్‌లో చూసిన సంగతికి చూసినవాడే, విన్న సంగతికి విన్నవాడే సాక్ష్యం చెప్పాలన్నాడు. ముక్కు, నాలుక, చర్మం దగ్గరికొచ్చేసరికి పర్సీవ్ అన్న క్రియ పట్టుకున్నాడు. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, సూత్రం మారలేదు. ఇక్కడ పర్సీవ్ పూర్తిగా చేతి జాతి మాట. మన సాక్షి బోనులో నిలబడి ‘కిరోసిన్ వాసన వచ్చిందండీ’ అంటుంది. అది సాక్ష్యం. ‘వాళ్ల మధ్య ఏదో గొడవ ఉందనిపించిందండీ’ అంటుంది. అది ఆమె ఊహ. రెంటినీ ఇంగ్లీషులో ‘ఐ పర్సీవ్డ్’ అని ఎక్కించారనుకోండి, ఊహ కూడా సాక్ష్యపు చొక్కా తొడుక్కుంటుంది. తెలుగులో ఆమె చాలా జాగ్రత్తగా చెప్పింది. ఆ జాగ్రత్త కాగితం మీదికి రావాలి.

ఇంతకీ చూడటమంటే పుచ్చుకోవడమా, అందుకోవడమా? మన వ్యాకరణం ఒకటంటుంది, లాటిన్ మూలం ఇంకొకటంటుంది. దీనికి దగ్గరగా వచ్చే ప్రశ్నను 1688లో డబ్లిన్‌కు చెందిన విలియం మోలినో, తత్త్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరంలో రాశాడు. మోలినో భార్య చూపు కోల్పోయిన మనిషి. పుట్టుగుడ్డి అయిన ఒకడు స్పర్శతో ఘనాన్నీ గోళాన్నీ వేరుగా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. అతనికి హఠాత్తుగా చూపొస్తే, ముట్టుకోకుండా చూసి ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడని మోలినో అన్నాడు, లాక్ ఒప్పుకున్నాడు. 1694లో తన గ్రంథం రెండో కూర్పులో, పర్సెప్షన్ అని పేరున్న అధ్యాయంలోనే ఈ ప్రశ్నను చేర్చాడు.

మూడు వందల ఏళ్లు దాటాక జవాబు మన దేశంలో దొరికింది. ఎంఐటీలో పనిచేసే పవన్ సిన్హా, వైద్యం అందక పుట్టుకతో చూపులేకుండా పెరిగిన పిల్లలకు ఆపరేషన్లు చేయించే ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ను నడిపారు. వాళ్లలో 8 నుంచి 17 ఏళ్ల మధ్యనున్న ఐదుగురితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. కట్లు విప్పిన తొలిరోజుల్లో ఆ పిల్లలు, చూసిన వస్తువును మళ్లీ చూసి గుర్తుపట్టారు, తాకినదాన్ని మళ్లీ తాకి గుర్తుపట్టారు. తాకినదాన్ని చూసి గుర్తుపట్టమంటే మాత్రం నాణెం ఎగరేస్తే వచ్చేపాటి ఫలితమే వచ్చింది. మోలినో అన్నదే నిజమైంది. అయితే మళ్లీ పరీక్షించిన పిల్లల్లో కొద్ది రోజులకే, ఎవరూ పాఠం చెప్పకుండానే, చేతికీ కంటికీ పొత్తు కుదిరింది. ఆ కొద్ది రోజులు నన్ను విడిచిపెట్టవు. వెలుగు కంట్లో పడింది, బొమ్మ ఉంది, తేడా కూడా తెలుస్తోంది. కానీ ‘నా చేతిలో ఉన్నది ఇదే’ అన్నది ఇంకా లేదు. కొండ వచ్చి కనిపించింది. అందుకోవడానికి చెయ్యి ఇంకా నేర్చుకుంటోంది. లాటిన్ వాడు చెప్పిందీ మనం చెప్పిందీ రెండూ ఆ పిల్లల దగ్గర ఒకదాని వెనక ఒకటి జరిగాయి.

మాస్టారికి ఈ పరిశోధన సంగతి చెప్పినప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికంటికి ఆపరేషన్ అయి వారమైంది, ఎడమకంటికి ఇంకా కాలేదు. అంతా విని, నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. దండెం మీద ఆయన పంచె ఆరేసి ఉంది. ఎడమకన్ను మూసి చూశారు. కుడికన్ను మూసి చూశారు. మళ్లీ అలాగే చేశారు.

‘దీంతో చూస్తే మల్లెపువ్వులా ఉంది అమ్మాయ్. దీంతో చూస్తే పసుపునీళ్లలో ముంచి తీసినట్టుంది’ అన్నారు.

ఏడాదిగా ఆయన చాకలతనితో బట్టలు తెల్లగా రావడం లేదని తగువు పడుతున్నారు. అతను సబ్బు మార్చాడు, నీలిమందు ఎక్కువ వేశాడు, ఒక నెల డబ్బులు కూడా తగ్గించుకున్నాడు. ఆ సాయంత్రం మాస్టారు నన్ను తోడు తీసుకుని అతని ఇంటికి నడిచి వెళ్లారు. నెల డబ్బులు చేతిలో పెట్టి చెప్పిన మాట నేను పక్కనే ఉండి విన్నాను.

‘పంచెలు పచ్చగా ఉన్నాయన్నాను నీతో. పచ్చగా కనిపిస్తున్నాయి అనాల్సిందయ్యా.’